సొసైటీనా, ట్రస్టా, సెక్షన్ 8 కంపెనీనా, మామూలు వ్యాపారమా? వరంగల్ చుట్టుపక్కల కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

సేవా సంస్థ పెడదామనో, చిన్న యూనిట్ పెడదామనో అనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "అయ్యగారూ, సొసైటీ చేయాల్నా, ట్రస్టు చేయాల్నా?" పాస్టర్ పని వదిలి చాలా కాలమైంది, ఇప్పుడు చేసేది చిన్న సంస్థలకూ చిన్న వ్యాపారాలకూ కన్సల్టింగ్, అయినా హనుమకొండలో చాలామందికి నేను ఇంకా అయ్యగారినే. ఆ ప్రశ్న వెనకాల మామూలుగా ఇంకోటి ఉంటుంది, ఏది తక్కువ ఖర్చులో తొందరగా అయిపోతుంది అని. దానికి జవాబు చెప్పడం పెద్ద పని కాదు. కానీ ఆ ఒక్క జవాబు పట్టుకుని వెళ్లినవాళ్లు మూడు నాలుగేళ్లకు బ్యాంకులో సంతకాల గొడవతోనో, రెండుగా చీలిన కమిటీతోనో మళ్లీ వస్తారు, అప్పుడు అయ్యే ఖర్చు ముందు మిగిలిన దానికి ఎన్నో రెట్లు.

నా లెక్కలో ఈ ఎంపికను తేల్చాల్సింది ఒక్క సంగతి. మీరు మంచాన పడినా, ఊరు మారినా, విసుగొచ్చి తప్పుకున్నా, ఆ సంస్థ చెక్కు మీద ఎవరు సంతకం పెడతారు, ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంటుంది? చర్చి సంఘాల్లో పనిచేసిన రోజుల్లో దీన్ని చాలా దగ్గరగా చూశాను. జనం కానుకలతో కొన్న స్థలం ఒక మనిషి పేరు మీద ఉండిపోతుంది, ఆ మనిషి మంచివాడే, ఒక్క రూపాయి తినలేదు, కానీ ఆయన పోయాక పిల్లలు మా నాన్న ఆస్తి అంటారు, సంఘం మా కానుకలు అంటుంది, ఇద్దరి దగ్గరా కాగితాలు ఉంటాయి, కేసు మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. నమ్మకంతో ఇచ్చిన డబ్బుకు కాగితం అడగడం అవిశ్వాసం అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఇచ్చిన మనిషి నమ్మకాన్ని కాపాడేది ఆ కాగితమే.

## ముందు ఇవి తేల్చుకోండి

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్లో చందాలా, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బంధువులా, కంపెనీలు సేవా పనులకు ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులా, లేక మీరే ఏదైనా అమ్మి సంపాదిస్తారా? అన్నీ అని చెప్పకండి. మొదటి రెండేళ్లు నిజంగా ఏది వస్తుందో అది చెప్పండి.

మిగిలిన డబ్బు ఎవరిది? ఏడాది చివర మిగిలింది ఇంటికి తీసుకెళ్లాలని ఉంటే అది వ్యాపారం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సేవా సంస్థ అయితే పనిచేసినందుకు న్యాయమైన జీతం తీసుకోవచ్చు కానీ మిగులు పంచుకోవడం కుదరదు, సొసైటీ అయినా ట్రస్టయినా కంపెనీ అయినా అంతే. "సంస్థ పేరు మీద నడిపిస్తే టాక్స్ ఉండదట కదా" అని వచ్చేవాళ్లకు నేను సూటిగానే చెప్తాను, మీది దుకాణం, దుకాణంలాగే నడుపుకోండి.

ఆస్తి ఉందా? స్థలమో బిల్డింగో ఉంటే, లేక రేపు ఎవరైనా దానం ఇస్తామంటుంటే, జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఏటా కాగితం పని ఎవరు చేస్తారు? రిజిస్ట్రేషన్ రోజు అందరూ వస్తారు, ఫొటోలు దిగుతారు. మార్చి 31 తర్వాత లెక్కల పుస్తకం, బిల్లులు పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లేది ఎవరో పేరుతో సహా చెప్పగలగాలి. ఆ పేరు చెప్పలేని వాళ్లకు సెక్షన్ 8 కంపెనీ నేను అసలు సిఫార్సు చేయను.

మతం పని, సేవ పని ఒకే గొడుగు కిందనా? దీని గురించి కింద విడిగా రాస్తాను, ఎందుకంటే చర్చిల వైపు నుంచి వచ్చేవాళ్లూ కుల సంఘాల నుంచి వచ్చేవాళ్లూ ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

## సొసైటీ

తెలంగాణలో సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతాయి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏటా జనరల్ బాడీ సమావేశం పెట్టాలి, అది అయ్యాక 15 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. నిజంగా పది మంది కలిసి చేసే పనికి, అంటే కాలనీ సంఘం, యువజన సంఘం, మహిళల బృందం, పూర్వ విద్యార్థుల సంఘం లాంటి వాటికి, ఇంతకంటే మంచి రూపం లేదు. అధికారం ఓటుతో వస్తుంది, ఓటుతో పోతుంది.

అసలు ఇబ్బంది ఆ ఏడుగురి దగ్గరే మొదలవుతుంది. పని చేసేది ఇద్దరు, మిగతా ఐదుగురు లెక్క నింపడానికి: బావమరిది, పక్కింటాయన, ఆఫీసులో స్నేహితుడు, "తమ్మీ, ఒక ఆధార్ జిరాక్స్ ఇయ్యి, ఊకె పేరు కోసమే." ఊకె పేరు కోసం వచ్చిన ఆ ఐదుగురికీ చట్ట ప్రకారం మీతో సమానమైన ఓటు ఉంటుంది. సంస్థ దగ్గర ఏమీ లేనంతకాలం ఎవరికీ పట్టదు. ఒక స్థలమో, పెద్ద గ్రాంటో వచ్చిన రోజు నుంచి కథ మారుతుంది: రెండు వర్గాలు, రెండు మినిట్స్ పుస్తకాలు, రిజిస్ట్రార్‌కు రెండు కమిటీ జాబితాలు, బ్యాంకు మేనేజర్ తన భయంతో తాను ఖాతా ఆపేయడం. ఈ తగాదాలు జిల్లా కోర్టు దాకా వెళ్తాయి, ఈలోపు పిల్లల హాస్టల్‌కు బియ్యం కొనడానికి డబ్బు తీయలేరు.

దీనికి మందు బైలాస్‌లోనే, అంటే సంస్థ సొంత నియమావళిలోనే ఉంది. ఎక్కడో దొరికిన బైలాస్‌లో పేరు మార్చి ప్రింటు తీయకండి. సభ్యుడు కావాలంటే ఏం అర్హత, వరుసగా ఎన్ని మీటింగులకు రాకపోతే సభ్యత్వం పోతుంది, కోరం ఎంత (మీటింగు చెల్లాలంటే కనీసం ఎంతమంది ఉండాలి), నోటీసు ఎన్ని రోజుల ముందు, కమిటీ కాలం ఎంత, కోశాధికారి రాజీనామా ఇస్తే చెక్కు మీద రెండో సంతకం ఎవరిది, ఇవన్నీ మీ పరిస్థితికి తగ్గట్టు రాసుకోవాలి. ఒక సాయంత్రం పని. ఆ ఒక్క సాయంత్రం కూర్చోలేని ఏడుగురు కలిసి సంస్థ నడపలేరు.

## ట్రస్టు

ట్రస్టుకు ఇద్దరు ముగ్గురు ట్రస్టీలు చాలు. ట్రస్టు డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. ఎన్నికలు ఉండవు, ట్రస్టీలు చాలావరకు జీవితకాలం ఉంటారు. ఒక కుటుంబం అమ్మ పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకున్నా, ఒక డాక్టరు గారు తన స్థలంలో ఉచిత క్లినిక్ పెట్టాలనుకున్నా, ఇదే సరిపోతుంది. డబ్బు, స్థలం, ఆశయం మూడూ ఒకే చోటి నుంచి వస్తున్నప్పుడు ఏడుగురిని పోగుచేయడం అనవసరం.

కానీ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ట్రస్టులో పెట్టిన రోజు నుంచి అది మీది కాదు. ట్రస్టు స్థలాన్ని రేపు కూతురి పెళ్లికి అమ్ముకోలేరు, కొడుకు పేరు మీదికి మార్చలేరు. ఈ మాట చెప్పినప్పుడు ముఖం మారిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లకు నా సలహా ట్రస్టు పెట్టొద్దనే, ఏటా మీ చేతుల మీదుగా ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి, అది కూడా గొప్ప పనే.

ఇంకో బలహీనత, తప్పు చేసిన ట్రస్టీని పంపించడం చాలా కష్టం. డీడ్‌లో తొలగించే పద్ధతి రాసుకోకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద కోర్టుకు వెళ్లాలి. అందుకే డీడ్ రాసేటప్పుడే తర్వాతి ట్రస్టీని ఎవరు నియమిస్తారు, ఏ కారణాలతో తొలగించవచ్చు, డీడ్‌లో ఏ భాగాలు ఎలా సవరించవచ్చు అన్నవి పెట్టించండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఉండే నమూనాలో ఇవి ఉన్నాయో లేదో ఒక్కో పేరా చదివి చూసుకోండి. ఇల్లు అమ్మే దస్తావేజు వేరు, ఇది వేరు.

## సెక్షన్ 8 కంపెనీ

2013 కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేని కంపెనీ. ప్రైవేటు రూపంలో అయితే ఇద్దరు చాలు, కనీస పెట్టుబడి షరతు లేదు, దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లో. బోర్డు, తీర్మానాలు, వాటాలు, ఎవరు రావాలి ఎవరు పోవాలి అన్నీ చట్టంలో స్పష్టంగా ఉంటాయి కాబట్టి సంతకం ఎవరిది అన్న ప్రశ్నకు మూడింటిలో అన్నిటికంటే తేటగా జవాబిచ్చేది ఇదే. బయటివాళ్లు ఎవరైనా ఫీజు కట్టి మీ కాగితాలు చూడవచ్చు, అందుకే పెద్ద దాతలకు ఇదంటే కొంత ధైర్యం.

కాగితం భారం కూడా దీనికే ఎక్కువ. ఆదాయం ఉన్నా లేకపోయినా ఆడిట్ తప్పదు, ఏటా ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) ఫారాలు వేయాలి, డైరెక్టర్ల కేవైసీ చేయించుకోవాలి, డిజిటల్ సంతకం గడువు తీరకుండా చూసుకోవాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు రూ.100 అదనపు ఫీజు. రెండు ఫారాలు ఒక ఏడాది మర్చిపోతే రూ.73,000. ములుగులోనో భూపాలపల్లిలోనో చందాలతో ట్యూషన్ సెంటర్ నడిపే చిన్న సంస్థకు ఇది ఏడాది మొత్తం ఖర్చుతో సమానం కావచ్చు. మూసేయడం కూడా చెప్పినంత తేలిక కాదు.

| అంశం | సొసైటీ | ట్రస్టు | సెక్షన్ 8 కంపెనీ |
|---|---|---|---|
| మనుషులు | కనీసం 7 | ఇద్దరు ముగ్గురు చాలు | కనీసం 2 |
| ఎక్కడ | జిల్లా రిజిస్ట్రార్ | సబ్ రిజిస్ట్రార్ | కంపెనీల రిజిస్ట్రార్, ఆన్‌లైన్‌లో |
| అధికారం | ఎన్నికైన కమిటీ | ట్రస్టీలు | బోర్డు |
| మొదటి ఖర్చు | తక్కువ | తక్కువ | ఎక్కువ |
| ఏటా పని | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ |
| పెద్ద ప్రమాదం | చీలిక | ఒక్కరి పెత్తనం | గడువులు దాటడం |

## ఫండ్స్ విషయంలో ఒక అపోహ

సెక్షన్ 8 అయితేనే నిధులు వస్తాయని కొందరు ఏజెంట్లు చెప్తారు. పన్ను మినహాయింపుకు కావాల్సిన 12ఏ, దాతకు ఉపయోగపడే 80జీ, విదేశీ నిధులకు ఎఫ్‌సీఆర్‌ఏ, కంపెనీ నిధులకు సీఎస్‌ఆర్-1, వీటన్నిటికీ మూడు రూపాలూ అర్హమే. (కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చాక సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట్లో ఇంకా పాత పేర్లే ఉన్నాయి కాబట్టి నేనూ అవే రాస్తున్నాను.) సింగరేణి, రామగుండం ఎన్‌టీపీసీ లాంటివి ఉన్న ప్రాంతం మనది కాబట్టి సీఎస్‌ఆర్ మీద ఆశ ఎక్కువ, కానీ బయటి సంస్థకు ఆ డబ్బు రావాలంటే 12ఏ, 80జీతో పాటు కనీసం మూడేళ్లు పనిచేసిన చరిత్ర కావాలి. కాబట్టి మొదటి మూడేళ్లు ఊళ్లోవాళ్ల చందాలతో నడిచే పథకమే మీ అసలు పథకం.

80జీ గురించి దాతలకు నిజం చెప్పండి. రూ.2,000 దాటిన నగదు చందాకు మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి 80జీ వల్ల లాభం ఏమీ లేదు. హుండీలాగా పేరు లేని చందాలు సేవా సంస్థకు వస్తే, మొత్తం చందాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అది దాటిన భాగానికి 30 శాతం పన్ను పడుతుంది. రసీదు పుస్తకంలో పేరు, ఊరు రాసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

విదేశీ డబ్బు విషయంలో మన వైపు రెండు రకాల తప్పులూ జరుగుతాయి, కొందరు అనవసరంగా భయపడతారు, కొందరు అస్సలు భయపడరు. దుబాయ్‌లో పనిచేసే జగిత్యాల తమ్ముడు, అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్న హనుమకొండ చెల్లె, ఇద్దరి దగ్గరా భారత పాస్‌పోర్టే ఉంటే, వాళ్లు సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైలులో పెట్టుకోండి. అదే చెల్లె అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆమె పంపేది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద రూ.15 లక్షల ఖర్చు చూపించాలి. వచ్చిన డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు పంచడానికి వీల్లేదు. బయటి దేశపు చర్చి ఒకటి ఏటా పంపుతుందన్న భరోసా మీద సంస్థ పెట్టాలనుకునే పాస్టర్ మిత్రులకు ఈ పేరా రెండుసార్లు చదవమని చెప్తున్నాను.

## చర్చి, కుల సంఘం, సేవ: వేరు చేయండి

ఆరాధన జరిగే సంఘం, పేద పిల్లలకు ట్యూషన్ చెప్పే కార్యక్రమం ఒకే రిజిస్ట్రేషన్ కింద పెట్టినప్పుడు మనసుకు అది ఒకే పనిలా ఉంటుంది, నాకూ అది ఒకే పనే. పన్ను చట్టం మాత్రం అలా చూడదు. మతపరమైన ఖర్చు ఆదాయంలో 5 శాతం దాటితే 80జీ నిలవదు, ఒక మతం వాళ్ల కోసమే, లేదా ఒక కులం వాళ్ల కోసమే పెట్టిన సేవా సంస్థకు పన్ను మినహాయింపే ప్రశ్న అవుతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలు, మహిళలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఈ అడ్డు లేదు. కాబట్టి సంఘానికి ఒక సొసైటీ, సేవకు ఇంకో ట్రస్టో సొసైటీయో, రెండు పాన్‌లు, రెండు ఖాతాలు. పాస్టర్‌గారు రెండిట్లోనూ ఉండవచ్చు, కానీ రెండిట్లోనూ సంతకం ఆయనదే కాకుండా చూడండి. ఆదివారం కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలన్న నియమం చాలా సంఘాల్లో ఉంది, అదే నియమాన్ని మిగతా ఆరు రోజులకూ తీసుకురండి.

## అమ్మకం కూడా ఉంటే

కుట్టు శిక్షణ కేంద్రం పెట్టి, కుట్టిన బట్టలు అమ్ముతామంటారు. చాలా మంచి ఆలోచన. పేదలకు సాయం, చదువు, వైద్యం అనే ఆశయాల కిందికి వచ్చే పని అయితే ఆ అమ్మకానికి కొంత వెసులుబాటు ఉంది, అయితే లెక్కలు విడిగా రాయాలి. సాధారణ ప్రజోపయోగం అనే విశాలమైన ఆశయం కిందికి వస్తే అమ్మకాల ఆదాయం మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. అమ్మకాలు పెరిగే సూచన ఉంటే నేను రెండుగా విడగొట్టమంటాను: శిక్షణకు సంస్థ, అమ్మకానికి ఆ మహిళలదే ఒక సహకార సంఘం. ఇందుకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, లాభం సభ్యులే పంచుకోవచ్చు. ఇది ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, భీమదేవరపల్లి మండలం ముల్కనూరు వెళ్లండి. అక్కడి సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి నడుస్తోంది, 2000లో మహిళలు సొంతంగా పెట్టుకున్న పాల డెయిరీ స్వకృషి పేరుతో అమ్ముతోంది. కొత్తవాడ దరీల నేతగాళ్లకైనా, నర్సంపేట వైపు మిర్చి రైతులకైనా పది మందికి పైగా కలిసి అమ్ముకోవాలంటే ఇదో, రైతు ఉత్పత్తిదారుల కంపెనీయో నప్పుతుంది. ఆ కంపెనీకి కనీసం పది మంది ఉత్పత్తిదారులు, ఐదుగురు డైరెక్టర్లు కావాలి.

## మామూలు చిన్న వ్యాపారం అయితే

ఒక్కరే నడిపేదైతే సొంత పేరు మీద ప్రొప్రైటర్‌గా మొదలుపెట్టండి, మొదటి రెండేళ్లు ఇంతకంటే ఏదీ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు. జీఎస్టీ విషయంలో జాగ్రత్త, వస్తువులు అమ్మేవాళ్లకు రూ.40 లక్షల దాకా అక్కర్లేదని వీడియోల్లో చెప్తారు, తెలంగాణలో ఆ హద్దు రూ.20 లక్షలే. వేరే రాష్ట్రం లెక్క మన వ్యాపారానికి పెట్టుకుని నోటీసు వచ్చాక టెన్షన్ పడేవాళ్లు ఎక్కువే.

ఇద్దరు కలిస్తే మామూలు భాగస్వామ్యమా, ఎల్ఎల్‌పీయా (భాగస్వాముల బాధ్యత పెట్టిన పెట్టుబడి దాకానే ఉండే రూపం) అనే ప్రశ్న వస్తుంది. మామూలు భాగస్వామ్యంలో అప్పు ఇల్లు దాకా వస్తుంది, మీ భాగస్వామి చేసిన అప్పు కూడా. రిజిస్టర్ కాని ఫర్మ్ బాకీ ఎగ్గొట్టిన కస్టమర్ మీద దావా వేయలేదు, కాబట్టి చేస్తే రిజిస్టరే చేయించండి. పన్ను కూడా చూసుకోవాలి: కొత్త విధానంలో రూ.12 లక్షల దాకా వ్యాపార ఆదాయం ఉన్న ప్రొప్రైటర్‌కు పన్ను పడదు, ఫర్మ్‌కూ ఎల్ఎల్‌పీకీ మాత్రం భాగస్వాముల జీతం, వడ్డీ పోను మిగిలినదాని మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం. అన్నదమ్ములో బావాబావమరుదులో కలిసి పెడుతుంటే ఎల్ఎల్‌పీ ఒప్పందంలో విడిపోయే పద్ధతి ముందే రాయించండి. మొహమాటంగా ఉంటుందని తెలుసు. కానీ పండగకు ఒకే ఇంట్లో భోజనానికి కూర్చోవాల్సిన వాళ్లకు ఆ పేజీ ఇంకా ఎక్కువ అవసరం.

ప్రైవేట్ లిమిటెడ్ బయటి పెట్టుబడి తెచ్చేవాళ్లకే. హనుమకొండ చౌరస్తాలో బేకరీకి అది బరువు.

## సాయం ఎవరి దగ్గర తీసుకోవాలి

ఆడిటర్ సాయం తప్పకుండా తీసుకోండి, రూపం ఏదైనా సరే. నేను సీఏని కాను, ఆడిట్ రిపోర్టు మీద నా సంతకం చెల్లదు, ఆ పని చేస్తానని నాలాంటివాడు ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. చిన్న యూనిట్ పెట్టేవాళ్లు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, పథకాల సంగతి అక్కడ ఉచితంగా చెప్తారు. ఒక్కరే నడిపే దుకాణానికి నాలాంటి కన్సల్టెంట్ అవసరమే లేదు, ఆడిటర్ ఒక్కరు చాలు.

మా పని ఉపయోగపడేది మనుషుల మధ్య మాట తేలనప్పుడు. ఎవరు ఏం చేస్తారు, ఎవరికి ఎంత అధికారం, బైలాస్‌లో ఏం రాయాలి, వ్యవస్థాపకుడు ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి, ఈ మాటలు ఆడిటర్ టేబుల్ దగ్గర తేలవు, ఆయనకు అంత టైమూ ఉండదు. సంఘ కాపరిగా ఏళ్ల తరబడి ఇళ్లలో కూర్చుని విన్న అనుభవం ఇప్పుడు పనికొచ్చేది ఇక్కడే. ఎవరిని పెట్టుకున్నా కొన్ని చూడండి. వచ్చిన గ్రాంటులో శాతం అడిగేవాళ్లు వద్దు, చేసిన పనికి ముందే ఒప్పుకున్న ఫీజు మాట్లాడుకోండి. ఎఫ్‌సీఆర్‌ఏ ఖాయంగా ఇప్పిస్తామనేవాళ్లు అబద్ధం చెప్తున్నట్టే, అది హోంశాఖ ఇచ్చేది. మీ డిజిటల్ సంతకం, పాస్‌వర్డులు, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. ఇక "పాత సొసైటీ ఉంది, 12ఏ కూడా ఉంది, కమిటీ పేర్లు మార్చుకుంటే చాలు" అని అమ్మకానికి వచ్చేవాళ్లు ఉంటారు. పాత లెక్కలు, పాత బాకీలు, పాత సభ్యుల ఓట్లు అన్నీ దాంతోనే వస్తాయి. ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు.

## ఇంకా తేలకపోతే

కుటుంబం ఇచ్చే డబ్బు, కుటుంబం స్థలం, ఎవరి దగ్గరా చేయి చాపే ఉద్దేశం లేదు: ట్రస్టు, అందులో కుటుంబం బయటివాళ్లు ఒక్కరైనా ట్రస్టీగా.

కాలనీలోనో ఊళ్లోనో పది మంది నిజంగా పనిచేస్తున్నారు, చందాలు వాళ్లే వేస్తున్నారు: సొసైటీ.

ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలు, ఒకరికి లెక్కలు వచ్చు, మూడేళ్ల తర్వాత సీఎస్‌ఆర్ దాకా వెళ్లాలని ఉంది, ఆడిటర్ ఫీజు ఏటా కట్టగలరు: సెక్షన్ 8.

ఇంకా పనే మొదలుపెట్టనివాళ్లు: ఆరు నెలలు ఏ రిజిస్ట్రేషనూ లేకుండా సొంత డబ్బుతో పనిచేసి చూడండి. పేదలకు అన్నం పెట్టడానికి, పిల్లలకు పాఠం చెప్పడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. పక్కవాళ్ల దగ్గర చందా తీసుకోవడం మొదలైనప్పుడే కాగితం అవసరం.

సొసైటీ అని తేల్చుకున్నవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లేముందు ఆ ఏడుగురినీ ఒకచోట కూర్చోబెట్టి బైలాస్ మొత్తం తెలుగులో చదివి వినిపించండి, ఓటు ఏంటో, బాధ్యత ఏంటో, సంతకం ఎవరిదో అడిగి చెప్పించుకోండి. మధ్యలో ఎవరైనా "నాకు టైం లేదక్కా, ఊకె పేరు రాసుకో" అంటే ఆ పేరు కొట్టేసి, నిజంగా వచ్చే మనిషి దొరికేదాకా ఇంకో నెల ఆగండి.